మిరప కళ్ళంలో నా కాపలా

ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్న ఏడాది నా డైరీలో వరసగా తొమ్మిది రోజులు ఒకటే మాట ఉంది: "నిన్నటిలాగే." పదో రోజు మార్పు కోసం "మొన్నటిలాగే" అని రాశాను.

పర్చూరు దగ్గర మా ఊళ్ళో, సంబంధం కుదిరేదాకా ఇంటిపట్టున ఉండే పిల్ల మనసు కుదురుగా ఉండడానికి పెద్దవాళ్ళ దగ్గర ఒకటే మందు: దిండు గలీబులు. ఆ ఏడాది నేను పద్నాలుగు గలీబుల మీద చిలకలు కుట్టాను. ఇంట్లో దిండ్లు ఆరే. విసుగొచ్చి ఒక చిలకకి నల్లముక్కు పెడితే, మా ఇంట్లోనే ఉండే మేనత్త దాన్ని కాకి అని తేల్చి, దారమంతా విప్పించింది.

మాఘమాసం వెళ్ళాక మిరపకాయలు కళ్ళానికి వచ్చాయి. దొడ్డి అవతల ఎర్రగా పరిచేవారు. పగలంతా ఎవరో ఒకరు ఉండి కోళ్ళనూ గొడ్లనూ తోలాలి, పొడుగు కర్రతో కాయ తిరగేయాలి. ఆ ఘాటుకి భయపడి అందరూ ఆ పని తప్పించుకునేవాళ్ళు. మధ్యాహ్నం కాపలా నేను ఉంటానన్నాను. నా బుద్ధిమంతనానికి నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కూడా ఘాటువే అయ్యుంటాయి.

నా బుద్ధిమంతనం గోనెపట్టా కింద ఉండేది. బ్రాడీపేటలో ఉండే మామయ్య వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టించి ఇచ్చిన పుస్తకం. ఇంట్లో తెరిస్తే ఎవరో ఒకరు "ఖాళీగా ఉన్నావా?" అంటూ చేతిలో చేట పెట్టేవారు. కళ్ళంలోకి ఎవరూ రారు. తాటాకు పందిరి కింద రోజూ ఒక గంట. నాలుగు పేజీలు చదవడం, ఒకసారి కాయ తిరగేయడం, మళ్ళీ నాలుగు పేజీలు. డైరీలో పేజీ చాలని రోజులు వచ్చాయి.

చిక్కల్లా నా కళ్ళతోనే వచ్చింది. కథానాయిక కష్టాలకి వచ్చిన కన్నీళ్ళు, మిరపకాయలు ఏరిన చేత్తోనే తుడుచుకున్నాను. సాయంత్రానికి కళ్ళు కాయలకంటే ఎర్రగా ఉన్నాయి.

"వదినా, చూశావా? ఒంటరిగా కూర్చుని ఏడుస్తోంది నీ కూతురు," అంది అత్తయ్య మా అమ్మతో.

"ఘాటు అత్తయ్యా," అన్నాను.

"ఇన్నేళ్ళూ లేని ఘాటు ఇప్పుడొచ్చిందా? దిగులే నీది. రేపట్నించి నీకు తోడు కూర్చుంటాం."

నా దిగులు పోయే ఆ ఒక్క గంటలోనే నా దిగులు పోగొడతామన్నారు. మర్నాడు అత్తయ్యా, పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరూ మంచంతో సహా దిగారు. ఎవరి కోడలు ఎంత నెయ్యి తిందో చెప్పి నన్ను ఉల్లాసపరిచారు. "నవ్వవే, నీ సొమ్మేం పోయింది?" అని మధ్యమధ్య గద్దించారు.

పొమ్మనడానికి నాకు నోరు లేదు. కర్ర ఉంది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఆ పైవైపు నుంచి కాయ తిరగేయడం మొదలుపెట్టాను, మహా శ్రద్ధగా, గింజ ఎగిరేలా. మొదట పక్కింటావిడ తుమ్మింది. తర్వాత మంచం మీదున్నవాళ్ళందరూ. అరగంటలో మంచం లేచింది. "దీని పనితనం మండ!" అంటూ అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పోయింది.

ఒకామె మాత్రం కదల్లేదు. ఏటా మా ఇంట్లో పది రోజులు ఉండి పాత దూది ఏకి పరుపులు కుట్టే సాయిబుగారి ఇంటావిడ. అత్తయ్యే ఆమెను కూడా నాకు తోడుగా కళ్ళంలో కూర్చుని కుట్టుకోమంది. ముప్పై ఏళ్ళు దూది నుసి పీల్చిన ఆ ముక్కుకి మా మిరపకాయలు లెక్కలోకి రాలేదు. ఇంకో మూడుసార్లు తిరగేశాను. ఆమె సూది ఆపలేదు.

"చాల్లెండి అమ్మాయిగారూ, కాయ పొడైపోద్ది. ఆ పట్టా కింద ఉన్నది తీసి చదువుకోండి."

"ఎవరికీ చెప్పకండి," అన్నాను.

"చెప్పను. పైకి చదవండి మరి. పొద్దస్తమానం కుట్టు, కుట్టు. నాకు మాత్రం పొద్దు పోవద్దూ?"

బళ్ళో పద్యం అప్పజెప్పమంటేనే గొంతు రాని దాన్ని. అయినా చదివాను. జమీందారు బిడ్డ కిటికీ దగ్గర నిలబడి మూడు పేజీలు ఏడ్చే ఘట్టం. ఈసారి ఓణీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆమె దారం కొరికి అడిగింది:

"ఈ పిల్లకి అన్నం ఎవరు వండుతున్నారు?"

"వంటమనిషి."

"బట్టలు?"

"చాకలి."

"మరి ఏడవక ఏం చేస్తది?"

అన్ని రోజులు ఆ పిల్ల కోసం కళ్ళు మండేలా ఏడ్చినదాన్ని, పకపకా నవ్వాను. ఆ నవ్వు ఇంట్లోకి వినబడింది. అత్తయ్య దొడ్డి గుమ్మం దాకా వచ్చి, ముక్కు మూసుకునే, "ఏం మందు వేశావమ్మా?" అని అడిగింది.

పరుపులావిడ నా పుస్తకం మీదికి పరుపు లాగి, "మందేముందండీ, కబుర్లు చెప్పా. రోజూ ఈ వేళకి మమ్మల్నిద్దర్నీ వదిలేయండి, దిగులు అదే పోద్ది," అంది.

ఆ పది రోజులూ మా గంట జోలికి ఎవరూ రాలేదు. ఏడుపు ఘట్టాలు మాత్రం నేను గబగబా చదివేసేదాన్ని. కాస్త నెమ్మదించానో, ఆమె కథానాయికకి ఏదో ఒక పని పురమాయించేది.