దాపట కాలి స్కూటరు

ఆ ఏడు మిరపకోతలప్పుడు నాన్నకు నడుం పట్టేసింది. నన్ను సైకిలు మీద బడి దగ్గర దించి తిరిగి వస్తుంటే కాలవ కట్ట మీద గుంతలో చక్రం దిగబడి కింద పడ్డాడు. గురజాల ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఇకమీదట సైకిలు మీద ఎవర్నీ ఎక్కించుకోవద్దన్నాడు. ఆ ఎవరో నేనే. నాకు పసితనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. చంకలో కర్ర పెట్టుకుని ఇంట్లోనూ బళ్ళోనూ తిరగ్గలను గానీ, పక్క ఊరి దాకా నడవలేను. నా టీచరు ఉద్యోగం ఆ పక్క ఊళ్ళోనే.

ఆ ఊరికి అప్పట్లో బస్సు లేదు. రోజూ నా కోసం ఎడ్లబండి కడితే చేలో అరక ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసి చుట్టాలు పనిగట్టుకుని వచ్చి, పిల్ల చేత రాజీనామా ఇప్పించమని నాన్నకు సలహాలు చెప్పి పోయేవాళ్ళు. అవిటి పిల్లకు ఈ తిరుగుడంతా ఎందుకు, ఇంటి పట్టున ఉంటే సుఖంగా ఉంటుంది కదా అని వాళ్ళ బాధ. వాళ్ళకు టీ నేనే పెట్టి ఇచ్చేదాన్ని. పంచదార వెయ్యకుండా ఇచ్చేదాన్ని. నాన్న ఎవరి మాటకూ అవుననలేదు, కాదనలేదు. కానీ నేను జీతం నష్టం మీద సెలవు పెట్టాను. ఆ సెలవు అయిపోయేలోగా దారి దొరక్కపోతే చుట్టాల మాటే నెగ్గుతుంది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు తెలిసింది, నరసరావుపేటలో వాచీలు బాగుచేసే ఒక సాయిబుగారి దగ్గర నాలుగు చక్రాల స్కూటరు అమ్మకానికి ఉందని. మామూలు టూ స్ట్రోక్ స్కూటరే. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించి ఉంటాయి కాబట్టి కాలు కింద పెట్టకపోయినా పడిపోదు. ఆయనకూ పోలియోనే. చూపు మందగించి రోడ్డు ఆనడం లేదని అమ్మేస్తున్నాడట. నాన్నా నేనూ బస్సెక్కాం. మా ఊళ్ళో పొలాల ఆయిలింజన్లు బాగుచేసే మేస్త్రిని కూడా వెంటబెట్టుకుపోయాం, ఇంజను చూడ్డానికి.

మేం వెళ్ళేసరికి సాయిబుగారు కొట్లో బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. తెల్లటి పొట్టి గడ్డం, పాదాల దాకా లుంగీ. నన్ను చూసి ముందు కుర్చీ వేయించాడు. నేను కూర్చుని చీర కుచ్చెళ్ళు పాదాల మీదికి సర్దుకున్నాను. స్కూటరు కొట్టు ముందే ఉంది, లేత నీలం రంగుది, కడిగి తుడిచి. నాకు చూడగానే నచ్చేసింది. పైకి మాత్రం మొహం గంటు పెట్టుకున్నాను, బేరం చెడుతుందని.

నాన్న జీవితంలో కొన్నవి ఎడ్లు మాత్రమే. కాబట్టి స్కూటర్ని కూడా ఎద్దుని చూసినట్టే చూశాడు. దూరం నిలబడి ఒకసారి, చుట్టూ తిరిగి ఒకసారి చూశాడు. సీటు మీద అరచేత్తో చరిచాడు. పక్క చక్రాలు ఒక్కొక్కటీ పట్టుకుని గిట్టలు చూసినట్టు పైకెత్తబోయాడు. ఇది మీ చేతికి రాకముందు ఎవరి దగ్గరుండేదని అడిగాడు. ఆఖరికి మొండికేస్తుందా అని కూడా అడిగాడు. సాయిబుగారు నవ్వకుండా, చలికాలం పొద్దున పూట కొంచెం మొండికేస్తుందని, ప్లగ్గు తీసి తుడిచి పెడితే దారికొస్తుందని చెప్పాడు.

మేస్త్రి సంగతి వేరు. ఆయన ముందు ఇంజను మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది. చల్లటి ఇంజను ఎట్లా అందుకుంటుందో చూస్తేనే గుట్టు బయటపడుతుందట. ముందే స్టార్ట్ చేసి ఎందుకు పెట్టారని మొహాన్నే అడిగేశాడు. దూరం నుంచి వచ్చేవాళ్ళని నిలబెట్టడం ఎందుకని అట్లా చేశానని సాయిబుగారు చిన్నబుచ్చుకున్నాడు. అయినా మేస్త్రి వదల్లేదు. ఇంజను చల్లారేదాకా టీలు తాగుతూ కూర్చున్నాం. తర్వాత తనే కిక్కు కొట్టాడు. రెండో తన్నుకి అందుకుంది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే బండి కదా, తెల్లటి పొగ కొట్టుమీదికంతా వచ్చింది. డీజిలింజన్ల నల్ల పొగ మింగే మేస్త్రికి ఆ పొగ చూసి ముచ్చటేసింది. పక్క చక్రాలు అతికించిన చోట్లన్నీ స్పానరుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. తనే ఎక్కి స్టేషను దాకా తిప్పుకొచ్చాడు. బండి బాగుందన్నాడు.

మా పల్నాడు వాళ్ళం ఉన్నమాట మొహం మీద అనేస్తామని పేరు. ఆ రోజు మాత్రం ఎక్కడలేని మర్యాదా వచ్చిపడింది. పరాయి ఆడపిల్ల కాళ్ళవైపు సాయిబుగారు కన్నెత్తి చూడలేదు. పెద్దమనిషి అవిటికాలు ఏదని నాన్న అడగలేదు. కాలు ఊసు ఎవరూ ఎత్తకుండానే బేరం కుదిరింది. కొన్నాళ్ళు నడిపి చూసుకోండి, కుదరకపోతే తోలుకురండి అని సాయిబుగారు మాటిచ్చాడు. ఎద్దుల బేరంలో అది మామూలే కాబట్టి నాన్నకు అందులో వింతేమీ కనిపించలేదు. మేస్త్రి స్కూటరు నడుపుకుంటూ ఊరికి తెచ్చాడు.

మర్నాడు పొద్దున మా కళ్ళంలో నేను మొదటిసారి స్కూటరెక్కాను. మేస్త్రి కిక్కు కొట్టి ఇచ్చి, గేరు వెయ్యడం, క్లచ్చి వదలడం చెప్పాడు. బండి కదిలింది. నా అంతట నేను ఏ మనిషినీ పట్టుకోకుండా ముందుకు పోతున్నాను. నవ్వొస్తూ ఉంది, ఆపుకోలేకపోతున్నాను. ఎదురుగా గడ్డివామి వచ్చింది. మేస్త్రి బ్రేకు, బ్రేకు అంటున్నాడు. బ్రేకు పెడలు కుడి కాలి కింద ఉంది. ఆ కాలు నా మాట వినదు. చేతిలో ఇంకో బ్రేకు ఉందన్న సంగతి నాకు గుర్తే రాలేదు. పోయి వామిలో దూరాను.

నాన్నా మేస్త్రీ గడ్డి దులుపుతూ నన్ను బయటికి లాగారు. దెబ్బ ఏమీ తగల్లేదు. అప్పుడు ముగ్గురం ఆ స్కూటర్ని మొదటిసారి సరిగ్గా చూశాం. బ్రేకు కుడివైపు. కిక్కు కుడివైపు. సాయిబుగారిది ఎడమకాలు పోయిన మనిషికి సరిపోయే బండి. నేను బ్రేకు వెయ్యలేను. దారిలో ఆగిపోతే కిక్కు కూడా కొట్టుకోలేను.

నాన్న కళ్ళంలోనే చతికిలబడ్డాడు. కాడికి ఎడమవైపు కట్టేది దాపట ఎద్దు, కుడివైపుది ఎలపట ఎద్దు. దాపట అలవాటైన దాన్ని ఎలపట కడితే నడవదు. ఎద్దు ఏ పక్కదో అడక్కుండా నాన్న పగ్గం ముట్టుకోడని చుట్టుపక్కల పేరు.

"ఎలపటో దాపటో అడక్కుండా ఎద్దుని తెచ్చినోణ్ణి కాదే నేను. ఇన్నేళ్ళు నిన్ను ఎక్కించుకొని తిరిగానా, నీకు ఏ కాలు బాగలేదో ఎప్పుడూ మనసులోకి రాలా" అన్నాడు.

నాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఊరంతా నన్ను కాలుతోనే గుర్తుపడతారు. ఆయనకు మాత్రం అది గుర్తులేదు. ఉద్యోగం పోతుందన్న దిగులు కూడా ఒక్క క్షణం మర్చిపోయాను.

మేస్త్రి నరసరావుపేట పోయి సంగతి చెబితే, బండి వెనక్కి పంపమని కబురొస్తుందనుకున్నాం. కబురు కాదు, మనిషే వచ్చాడు. సాయిబుగారు బస్సు దిగి, కర్ర ఊతంతో మా ఇంటిదాకా నడిచొచ్చి, మంచం మీద నా పక్కన కూర్చుని తన ఎడమకాలు చాపాడు. నన్నూ చాపమన్నాడు. చీర కొంచెం పైకి తీసి కుడికాలు చాపాను. రెండు సన్నటి కాళ్ళు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాం.

"మనిద్దరికీ కలిపి ఒక జత మంచి కాళ్ళున్నాయమ్మా. బండికి అది చాలు" అన్నాడు.

అమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాను.

నాన్న, మేస్త్రి, సాయిబుగారు కలిసి స్కూటర్ని గురజాలలో వెల్డింగు షాపుకి తీసుకుపోయారు. కింద నుంచి అడ్డంగా కడ్డీ వేయించి బ్రేకు పెడల్ని నా ఎడమకాలి కిందికి తెచ్చారు. కిక్కుకి పొడుగు ఇనప పిడి అతికించారు. సీటు మీద కూర్చునే చేత్తో బలంగా నొక్కితే ఇంజను అందుకుంటుంది. కళ్ళంలో తిప్పీ తిప్పీ నా అరచేతులు బొబ్బలెక్కాయి. గడ్డివామి జోలికి మళ్ళీ పోలేదు.

సెలవు అయిపోయిన రోజు పొద్దున నాన్న సైకిలు బయట పెట్టి, వెనకాలే రానా అని అడిగాడు. వద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

కాలవ దాటాక అటూ ఇటూ పత్తి చేలు. ఎవరూ లేరు. అక్కడ బండి ఆపాను. ఇంజను కూడా ఆపేశాను. బండికేమీ కాలేదు, కావాలనే ఆపాను. పుట్టిన దగ్గర్నుంచి ఆరుబయట, దారి మధ్యలో, పిలిస్తే పలికే మనిషి లేని చోట నేనెప్పుడూ లేను. భయం వేసింది. ఆ భయం కూడా బాగుంది. కాసేపు కూర్చుని, పిడి పట్టుకుని నొక్కాను. అందుకోలేదు. మళ్ళీ నొక్కాను. చెమటలు పట్టాయి. ఎవరైనా వస్తారేమోనని దారి వంక చూడబోయి, చూడకుండా ఇంకోసారి బలమంతా పెట్టి నొక్కాను. ఇంజను అందుకుంది. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లో సైకిలు దగ్గర కూర్చుని ఉన్నాడు. దారిలో ఎక్కడైనా ఆగిందా అని అడిగాడు. ఆగిందన్నాను. ఆయన మొహం పాలిపోయింది. నేనే ఆపాను, మళ్ళీ నేనే తీశానని చెప్పాను. సరేనన్నట్టు తలూపి, సైకిలు క్యారేజీకి నా కోసం కట్టిన పాత దిండు విప్పడం మొదలుపెట్టాడు. తాడు వానలకి తడిసి బిగుసుకుపోయి ఉంది. ముళ్ళ మీది నుంచి చూపు ఎత్తకుండానే మాట్లాడాడు.

"రేపు పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలే?"

 నేను దుమ్ము కొట్టుకున్న స్కూటరు వంక చూశాను.

"స్కూటరు తుడిచి పెట్టు నాన్నా. నాకు వంగడం చాతకాదు" అన్నాను.

నేను బాగానే వంగగలను.