సర్వర్‌లో అంతరపంట

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి సత్తిరాజు గారి కొట్లో సర్వర్ ఆగిపోయిందని ఈ రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. కొత్త ఆపరేటింగ్ సిస్టం కావాలని ఆయన అడిగినా, కుదురుగా పనిచేసే పాత వెర్షనే పోయిన నెల వేశాను. ముందుముందు బిల్లులు పెరుగుతాయని డిస్కులో సగం ఖాళీగా వదిలాను.

వెళ్ళేసరికి లోడుతో లారీ నిలబడి ఉంది, బిల్లు రావడం లేదు.

“పాతది వేసేరు, ఆగిపోయిందండీ,” అన్నారాయన.

చూస్తే డిస్కు నిండిపోయింది. నేను వదిలిన ఖాళీ అంతా వాళ్ళమ్మాయి పెళ్ళి వీడియోలే.

“ఇవి ఎవరు పెట్టేరండీ?”

“నేనేనండీ. కొబ్బరిచెట్ల మధ్య జాగా ఉంటే అరటి వేసుకోమా?”

వీడియోలు పక్క కంప్యూటర్‌లోకి మార్చాను. బిల్లు వచ్చింది, లారీ కదిలింది. నేను గుమ్మం దాటుతుంటే ఆయన, “ఆ జాగా మళ్ళీ ఖాళీయే కదండీ?” అన్నారు.

దీనికి జవాబు తెలిసినవాళ్ళు రాయండి. నేను మాత్రం బస్సెక్కేశాను.