నిద్రలో అన్న బొమ్మలు

తప్పు గీత కనబడకుండా చేయడమే డ్రాఫ్ట్స్‌మన్ గొప్పతనం అనుకునే రోజులవి. ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీసేవాళ్ళం. గీత తప్పితే పాత బ్లేడుతో మెల్లగా గీకి, గోటితో రుద్ది, మళ్ళీ గీయాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నా మచ్చ కనబడకూడదు. ఆ విద్యలో రియాద్‌లోని మా ఆఫీసులో నాకు మంచి పేరుండేది. (నా డైరీలో కూడా కొట్టివేతలు ఉండేవి కావు. ముందు చిత్తుకాగితం మీద రాసుకుని, తర్వాత డైరీలోకి ఎక్కించేవాడిని. నవ్వుకోండి, ఫరవాలేదు.) అలాంటి నన్ను తప్పులు చూపించమని అడిగే కాలేజీకి పంపాలనుకున్నాడు మా డచ్చాయన.

డచ్చాయన మా డిజైన్ విభాగానికి పెద్ద. హాలండ్‌లో ఒక కళా, డిజైన్ అకాడమీలో చదివాడు. టీ తాగినప్పుడల్లా దాని కథ చెప్పేవాడు. మొదట్లో అది వడ్రంగులకూ కమ్మరులకూ సాయంత్రాలు బొమ్మలు గీయడం నేర్పే బడి అట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త మాస్టర్లు వచ్చి, పిల్లలు చూసి గీసే సున్నపు విగ్రహాలన్నిటినీ అటకెక్కించి, "ముందు చేతులకు మట్టి అంటించుకోండి" అన్నారట. మొదటి ఏడాది అందరికీ ఒకే చదువు. నగలు చేయబోయేవాడూ, కుర్చీలు చేయబోయేవాడూ, బట్టలు నేయబోయే అమ్మాయీ ఒకే గదిలో కూర్చుని ఇనుము వంచాలి, గుడ్డకు రంగు వేయాలి. మార్కులు లేవు. చేసినదంతా గోడకు తగిలిస్తే మాస్టర్లూ తోటిపిల్లలూ చుట్టూ నిలబడి ఏకిపెడతారు. ఏడుస్తూ బయటికి పోయినవాళ్ళే మరునాడు కొత్తది తెచ్చి తగిలిస్తారు. "నేను చాలాసార్లు ఏడ్చాను" అనేవాడాయన, సొంత పెళ్ళి ముచ్చట చెబుతున్నంత సంబరంగా.

వినగా వినగా నాకూ అక్కడ ఏడవాలని కోరిక పుట్టింది. పాలిటెక్నిక్ చదివి వచ్చిన నాకు ఆఫీసులో దక్కేవి మరుగుదొడ్ల ప్లాన్లు. నీళ్ళ గొట్టం ఎక్కడ, తూము ఎక్కడ అంతే. బతుకంతా ఇదేనా అన్న దిగులు మొదలైన వయసు. డచ్చాయన గురువుగారు ఏదో ప్రదర్శనశాల పని మీద రియాద్ వస్తున్నారని, నా బొమ్మలు ఆయనకు నచ్చితే అకాడమీలో చోటు దొరుకుతుందని తెలిసింది. "బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయి. ఎలా వస్తే అలా తీసుకురా. శుభ్రం చేయకు" అని డచ్చాయన మరీ మరీ చెప్పాడు. ఆ చివరి మాట ఆయన మర్యాదకు అన్నాడనుకున్నాను.

బతికున్న మనుషులకు మలాజ్ పేటలోని మా గదిలో కొదవ లేదు, కదలకుండా కూర్చునేవాళ్ళే లేరు. చివరికి అన్న ఒప్పుకున్నాడు. అన్న జగిత్యాల దిక్కువాడు, షట్టరింగ్ వడ్రంగి, గదిలో అందరికంటే పెద్ద. వారమంతా ఎండలో కాంక్రీటు స్లాబులకు చెక్క పలకలు కొట్టి, శుక్రవారం ఒక్క పూట ఊపిరి తీసుకునే మనిషి. ఖాళీ రంగుడబ్బా మీద గోడకు ఆనుకుని కూర్చోబెడితే, నేను పెన్సిల్ చెక్కేలోపు గురక మొదలయ్యేది.

"అన్నా, లేవండి. బొమ్మ గీస్తున్నా."

"గియ్యి తమ్మీ, నేనేమన్న వద్దంటిన్నా" అని, కళ్ళు తెరవకుండానే తల రెండో వైపుకు వాల్చేవాడు.

గదిలో వంట చూసే, అందరం బావ అని పిలిచే కడపాయన గరిటె పట్టుకుని వచ్చి చూసి, "ఏమబ్బా, ఆయప్పను బొమ్మ గీస్తాండావా, జోల పాడతాండావా?" అనేవాడు. అలా శుక్రవారం తర్వాత శుక్రవారం అన్న నిద్రనే గీశాను. నోరు తెరిచిన నిద్ర, మెడ విరిగినట్టు వాలిన నిద్ర, ఒళ్ళో అరచేతులు వెల్లకిలా పడేసిన నిద్ర.

ఒకనాడు అన్న మెలకువగా ఉండి అవన్నీ చూశాడు.

"కండ్లు మూసుకొని ఉంటే సచ్చినోని ఫోటో లెక్కున్నది తమ్మీ. మీ వదిన చూస్తే ఆగమైతది. జర కండ్లు తెరువు."

"అవి హాలండ్ వాళ్ళకు కదన్నా, వదిన ఎందుకు చూస్తుంది?"

"ఎవలైతేంది, చూసేటోళ్ళే గద. జేబుల పెన్ను పెట్టు. చేతికి వాచీ పెట్టు. తల జర దువ్వు."

ఊళ్ళో స్టూడియోలో ఫోటో దిగేటప్పుడు ఎవరైనా చేసేదే కదా అది. నాకూ సబబుగానే తోచింది. అసలే నా చెయ్యి శుభ్రతకు తహతహలాడుతోంది. బొమ్మలన్నీ ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించి, సిరా పట్టించి, అన్న కళ్ళు తెరిచాను. తల దువ్వాను, చొక్కా ఇస్త్రీ చేశాను, వాచీ తొడిగాను. చిత్తు బొమ్మలు మంచం కింద పడేస్తే, బావ వాటిని శుక్రవారం భోజనానికి నేల మీద పరిచి, పైన అన్నం పళ్ళెం పెట్టాడు. అందరం చుట్టూ కూర్చుని కమ్మగా తిన్నాం. అన్న కూడా.

గురువుగారు ఆఫీసులో నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. పక్కనే డచ్చాయన నిలబడి ఉన్నాడు, రంగు మారుతూ.

"ఈయనెవరు? మంత్రిగారా?"

"కాదండీ, వడ్రంగి. మా గదిలోనే ఉంటాడు."

"వాచీతోనే పని చేస్తాడా?"

"ఆయనకు వాచీ లేదండీ. పెట్టమన్నాడని పెట్టాను."

డచ్చాయన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. గురువుగారు నవ్వలేదు. "ఎదురుగా ఉండి గీసినవి ఏవి?" అని అడిగారు.

"అన్నం కింద పరిచామండీ."

"అన్నం కింద?"

"అందులో కళ్ళు మూసుకుని ఉన్నాడండీ. నిద్రపోతాడు. పని ఎక్కువ."

ఆయన కాగితాలన్నీ సర్ది, అంచులు సమంగా తట్టి నా చేతికిచ్చారు. "మా దగ్గర మార్కులు వేయం. నీ శుభ్రతకు మాత్రం వేయాలనిపిస్తోంది" అన్నారు. తర్వాత మెల్లగా, "ఆ మరకల కాగితాలు తెచ్చి ఉంటే నిన్ను తీసుకునేవాడినేమో బాబూ" అన్నారు.

అన్నకు ఆ మాట చెప్పలేదు. వాళ్ళకు నచ్చలేదట అని మాత్రం అన్నాను. "వాళ్ళకేం ఎర్క, మస్తుగున్నయి" అని, అందులో ఒకటి తీసుకుని, సెలవుకు పోతున్నవాడి చేత ఇంటికి పంపాడు. వాచీ ఎప్పుడు కొన్నావని వదిన జాబు రాసిందట. దాంతో అన్న బత్హా బజారుకు పోయి వాచీ కొనుక్కోక తప్పలేదు. గదంతా నెలరోజులు నవ్వుకున్నాం.

ఆ చలికాలంలోనే అన్నను దక్షిణాన దూరంగా ఉన్న నజ్రాన్‌కు పనికి పంపారు. అక్కడ ఒక మధ్యాహ్నం పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. వీసా ఇచ్చిన యజమాని కఫీల్ సంతకాలు, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితాలు అన్నీ అయ్యి, అన్న ఇల్లు చేరడానికి చాలా రోజులు పట్టింది. మరుసటి ఏడు డచ్చాయన కూడా వెళ్ళిపోయాడు. మళ్ళీ ప్రయత్నించమని పోతూ పోతూ చెప్పాడు. నేను ప్రయత్నించలేదు. మరుగుదొడ్ల ప్లాన్లు గీస్తూనే రిటైరయ్యాను. అవి కూడా ఎవరో ఒకరు గీయాలి కదా.

ఇప్పుడు రియాద్‌లోనే మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న మనవరాలు ఫోనులో ఏవో డిజైన్ కాలేజీలు వెతుకుతుంటే, ఆ అకాడమీ పేరు చెప్పి చూడమన్నాను. ఉంది. పిల్లలు నేల మీద కూర్చుని రంగులు పులుముకుంటున్నారు. గోడ నిండా కాగితాలు.

"వయసు పరిమితి ఏమైనా ఉందేమో చూడమ్మా."

"ఎవరికి తాతయ్యా?" అని నవ్వి, వెతికి, "ఏం లేదు" అంది.

లేదట. ఆ పిల్ల స్కూలుకు వెళ్ళాక పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను. గోడ, రంగుడబ్బా, వెల్లకిలా పడ్డ అరచేతులు, పక్కకు వాలిన మెడ, అంతా బాగానే వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఎన్నిసార్లు మొదలుపెట్టినా, అన్న కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. నిద్రపోయిన ముఖం నాకు గుర్తు లేదు. నవ్వొచ్చింది. ఇంత ముసలితనం వచ్చినా నా చెయ్యి ఆ మహామహా మాస్టర్ల మాట వినదు, అన్న మాటే వింటుంది.