కాళ్లు కడుక్కుని వెళ్లిన బేరం

మాకు పెళ్లయిన కొత్తలో, ఇంటి ఫోటోలు ఫోనులో పంపి బేరం మాట్లాడుకునే అలవాటు ఇంకా మానుకోట దాకా రాలేదు. ఇల్లు కొనాలనుకున్నవాళ్లు చెప్పులేసుకుని నేరుగా ఇంటికే వచ్చేవాళ్లు. వచ్చి, మన ఎదుటే మన ఇంటికి వంకలు పెట్టి, మన చేతి చాయ్ తాగి, మళ్లీ కనిపించకుండా పోయేవాళ్లు. ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ, ఇల్లు తక్కువ. (కోపం ఇప్పటికీ అంతే ఉంది. ఇల్లే కాస్త పెరిగింది.) మాట పడితే మరచిపోవడం మంచి గుణమని మా అమ్మ చిన్నప్పుడు చెప్పింది. అలా చెప్పడానికి ముందు ఆమె నన్ను ఏమన్నదో కూడా నాకు బాగా గుర్తుంది. అందుచేత ఇక్కడ రాసేదాంట్లో ఎవరి మాటా మార్చి రాయడం లేదని పాఠకులు నమ్మవచ్చు.

ఆ ఇల్లు మానుకోట స్టేషనుకు అవతలి వైపు మా మామగారు కట్టించింది. కట్టించిన ఏడాదికే ఆయన పోయారట, నేను చూడలేదు. రెండే గదులు, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. బీరువా తలుపు తెరవాలంటే వీధి తలుపు మూయాలి. వంటింట్లో ఒకరు కూర్చుంటే రెండోవారు నిలబడాలి. ఇద్దరూ కూర్చోవాలనుకుంటే ఒకరు పెరట్లో కూర్చోవాలి. ఆ ఇంట్లో నేనూ మా అత్తమ్మా ఉండేవాళ్లం. మా ఆయనకు భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి వచ్చి, సోమవారం తెల్లవారకముందే మళ్లీ బస్సెక్కేవాడు. పెళ్లయి ఏడాది దాటినా మేము మొగుడూ పెళ్లాలుగా ఉన్నది ఆదివారాలే. అందులోనూ సగం ఆదివారం అతను నిద్రపోయేవాడు. ఆ ఎండాకాలంలో అతనికి క్వార్టర్ ఇచ్చారు. దసరాలోగా కుటుంబంతో వచ్చి చేరకపోతే వరుసలో తర్వాతివాళ్లకు పోతుందన్నారు. సామాను కట్టుకుని లారీ ఎక్కడమే తరువాయి అనుకున్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. “తాళమేసిన ఇంట్ల దీపముండది. కిరాయికిస్తే గోడలకు మొలలు గొడ్తరు. అమ్మినంకనే నేను గడప దాటుత” అన్నది. అంటే ఆ రెండు గదులు అమ్ముడుపోతే తప్ప నా మొగుడు నాకు దక్కడు.

అమ్మకం పని చూడటానికి ఒక మధ్యవర్తి దొరికాడు. అతనికి నేను ఐదునిమిషాలన్న అని పేరు పెట్టుకున్నాను. “అక్కా, ఐదు నిమిషాల్ల వస్తున్నం, జర ఇల్లు సదిరి పెట్టు” అని ఫోను చేసేవాడు. నేను చీర మార్చి, మంచం మీద దుప్పటి మార్చి, చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి ఎదురుచూస్తే, వాళ్లు నేను అన్నం తినడానికి కూర్చున్నాక వచ్చేవాళ్లు. వాళ్లు లోపలికి రావాలంటే ముందు మేము బయటికి రావాలి, లేకపోతే పట్టదు. అందుకని ఎంగిలి చేత్తో పెరట్లో నిలబడి, నా ఇంటి గురించి వాళ్లు ఏమంటున్నారో గోడ అవతల నుంచి వినేదాన్ని.

ఏమన్నారో చెబుతాను. జఫర్‌గఢ్ నుంచి వచ్చిన ఒక తెల్లచొక్కా పెద్దమనిషి రెండు గదులూ దాటి పెరట్లోకి వచ్చి, “ముందుగది మంచిగుంది. ఇల్లెక్కడ?” అని అడిగాడు. ఇంకొకామె వంటింట్లోకి వెళ్లి, గోడలను వదిలేసి నా పచ్చడి జాడీ మూత తీసింది. వాసన చూసి, మూత పెట్టి, “ఇంగువ ఎక్కువైంది” అన్నది. (ఎక్కువ కాలేదు.) వాస్తు చూసే ఆయన ఒకరు మధ్యలో నిలబడి గుండ్రంగా తిరిగి, ద్వారం ఇటు కాదు అటుండాలన్నాడు. అటు పక్కింటివాళ్ల గోడ ఉంది. “వాళ్ల ఇంట్లకెళ్లి రావాల్నా మరి?” అని నేను అడిగితే, “గది మీరు మీరు మాట్లాడుకోవాలె” అన్నాడు. ఒక జంట తీరిగ్గా అన్నీ చూసి, రెండోసారి కూడా చాయ్ తాగి, తాము చూడాల్సిన ఇల్లు పక్క వీధిలో ఉందని తెలుసుకుని లేచి వెళ్లారు. కప్పులు నేనే కడిగాను.

వీళ్లకు తోడు మా అత్తమ్మ. ఇల్లు నచ్చినట్టు ఎవరి మొహమైనా కాస్త వెలిగిందంటే చాలు, ఆమె వాళ్ల చెయ్యి పట్టుకుని ముందుగది మూలకు తీసుకెళ్లేది. “వానకు గీ మూల కురుస్తది బిడ్డా. ముందే చెప్తున్న.” వాళ్లు వెళ్లిపోయాక నేను తల పట్టుకునేదాన్ని. “ఎందుకు చెప్పినవత్తమ్మా?” అంటే, “అమ్ముకునే ఇంటికి అబద్ధమెందుకే? రేపు వానొస్తే మనల్నే తిట్టుకుంటరు. తిట్లు వడ్డ పైసలతోని బువ్వ తింటమా?” అనేది. ఆ మాట నిజమే. నిజమైనందుకు మరింత కోపం వచ్చేది.

శ్రావణంలో అత్తమ్మ తన తమ్ముడి కూతురి పెళ్లికని దంతాలపల్లి వెళ్లింది. ఆ ఆదివారం కేసముద్రం నుంచి ఒక షావుకారు తల్లిని వెంటబెట్టుకుని ఇల్లు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. అత్తమ్మ లేదు, అంటే కురిసే మూల గురించి చెప్పేవాళ్లు లేరు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనిపించింది. అప్పుడే ఆ ఆలోచన పుట్టింది. ఎవరికి పుట్టిందన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ తీర్పు రాలేదు. “ఇల్లు చిన్నగ లేదు, సామాను పెద్దగుంది” అన్నది మా ఆయన. ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది. తాను అన్నది అంతవరకేనని, “అయితే మొత్తం తీసేద్దాం” అన్నది నేనని అతని వాదన.

పొద్దున్నే మొదలుపెట్టాం. మంచాలు, బీరువా, బిందెలు, డబ్బాలు, అన్నీ ఎదురింటి అక్క వరండాలోకి మోశాం. పొయ్యి ఒక్కటి ఉంటే ఎబ్బెట్టుగా ఉందని పొయ్యినీ తీశాం. గోడకున్న దేవుడి పటాలు కూడా దించితే గోడ పొడుగ్గా కనిపించింది, సంతోషించాం. నేల కడిగి కడిగి అద్దంలా చేశాను. గడప దగ్గర తడి ఆరలేదని ముగ్గు కూడా వేయలేదు. చివరికి ఇద్దరం మధ్యలో నిలబడి చూసుకుంటే, మా మాటలు గోడలకు తగిలి వెనక్కి వచ్చాయి. మా ఇంట్లో మాట వెనక్కి రావడం అదే మొదటిసారి. “సినిమా హాలు లెక్కుంది” అని మా ఆయన మురిసిపోయాడు.

కేసముద్రం అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది, వెనక ఆమె కొడుకు, అతని వెనక ఐదునిమిషాలన్న. అవ్వ గడప దాటి ఒక్క అడుగు వేసింది. గోడల వైపు చూసింది, పటాలు ఉండాల్సిన చోట మేకులు చూసింది, వంటింటి వైపు మెడ సాచి ఖాళీ గట్టును చూసింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. నేను మంచినీళ్లు ఇస్తే పుచ్చుకోలేదు. కొడుకు చొక్కా పట్టుకుని లాగి, “నడువురా” అన్నది, అంతే. నేను వీధిలోకి వచ్చి చూసేసరికి ఆమె మూల మీది నల్లా దగ్గర నిలబడి కాళ్లు కడుక్కుంటోంది. కొడుకు చేత కూడా కడిగించింది. నా ఒళ్లు మండిపోయింది. నడుము పడిపోయేలా కడిగిన నేల అది. ఆ నేల తొక్కి కాళ్లు కడుక్కుంటుందా? “చూసినవా, మన ఇంటిని మురుగు మోరీ అనుకుంటున్నది” అని మా ఆయనతో అన్నాను. అతను సోమవారం బస్సెక్కే దాకా ఆ మాటే అంటూ ఉన్నాను.

మర్నాడు ఐదునిమిషాలన్న ఫోను చేయకుండానే వచ్చాడు. అతని మొహం చూస్తే నాకు భయం వేసింది. “ముందే చెప్పద్దా అక్కా” అన్నాడు, గొంతు తగ్గించి. “ఇల్లు పాడువెట్టిన్రని నాకైతే ఎర్కలేకపాయె. పెద్దామె ఎప్పుడు పోయింది?”

అప్పుడు తెలిసింది నాకు. (మావైపు ఎవరైనా చెడ్డ నక్షత్రంలో పోతే, పొయ్యి ఆర్పి, దేవుళ్లను తీసి, ఇల్లు మొత్తం ఖాళీ చేసి కొన్ని నెలలు వేరేచోట ఉంటారు. దాన్నే ఇల్లు పాడుపెట్టడం అంటారు. అలాంటి ఇంట్లో అడుగు పెడితే కాళ్లు కడుక్కోకుండా ఎవరూ ఊరుకోరు.) ఇది నాకు తెలియని ఆచారం కాదు. మా అమ్మమ్మ పోయినప్పుడు జనగామలో మేమూ అలాగే వేరే ఇంట్లో ఉన్నాం. అయినా బీరువా మోస్తున్నప్పుడు గుర్తుకు రాలేదు. మా ఆయనకూ రాలేదు. అత్తమ్మ ఊళ్లో కనిపించకపోవడం, సామాను వీధిలోంచి వెళ్లడం, వీధి మొత్తం రెండింటినీ కలిపి చూసుకుంది. నేను ఎంత చెప్పినా ఐదునిమిషాలన్న తల ఊపాడే తప్ప నమ్మలేదు. “గట్లనే చెప్పాలె అక్కా, ఇల్లు అమ్ముడువోవాలె గద” అని ఓదార్చాడు. ఆ వారం ఇల్లు చూడటానికి ఒక్కరూ రాలేదు. వచ్చి తిట్టేవాళ్లు కూడా రాలేదంటే నా బాధ మీరే ఊహించుకోండి. అవతల దసరా దగ్గర పడుతోంది.

అత్తమ్మ పెళ్లి లడ్డూల సంచితో దిగింది. విషయమంతా విన్నది. తనను చంపేసినందుకు ఆమెకు కోపం రాలేదు. “నేను సచ్చిన్నంటే సచ్చిన్నా? నోళ్లు నొచ్చినంక వాళ్లే ఊకుంటరు. ఎలుగుతున్న పొయ్యినెందుకు తీసినవే? దేవుళ్లనెందుకు దించినవ్?” అన్నది. “ఇల్లు పెద్దగ కనవడాల్నని” అన్నాను. “పెద్దగనా? చిన్నింటికి చిన్నగుండుడు సిగ్గా?” అని, సంచి లోపల పెట్టి, “పా, కేసముద్రం పోదాం” అన్నది. సగం లడ్డూలు ఒక డబ్బాలో పోసుకుంది.

ప్యాసింజర్ బండిలో వెళ్లాం. మార్కెట్ యార్డు వెనక, ధాన్యం లారీల మధ్యలోంచి దారి అడుగుతూ షావుకారు ఇల్లు పట్టుకున్నాం. మేడా, వరండా, లోపల గది మీద గది, చాలా పెద్ద ఇల్లు. కేసముద్రం అవ్వ వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. పక్కన ఎవరా అన్నట్టు అత్తమ్మను చూసింది.

“మానుకోట ఇల్లు నాదే అక్కా” అన్నది అత్తమ్మ. “సచ్చిపోయిందంటున్నరే, గా మనిషిని నేనే. బతికే ఉన్న. ముట్టి సూడు.”

అవ్వ నిజంగానే చెయ్యి చాపి అత్తమ్మ ముంజేయి పట్టుకుని చూసింది. చూసి, నవ్వింది. “మరి గా ఇల్లట్ల బోసిపోయిందేంది చెల్లె?”

“నా కోడలు తెలివి. పెద్దగ కనవడాల్నని సామానంత ఎదురింట్ల వెట్టింది.”

అవ్వ నా వైపు తిరిగింది. “పెద్దిల్లు నాకెందుకు బిడ్డా? గిది పెద్దదే గద. నిరుడు గా నడిమింట్ల జారి పడితే పట్టుకుందామంటే గోడ అందలె. పిలిస్తే కోడలుకు ఇనవడలె. నా బిడ్డ మానుకోటల ఉంటది, దాని పక్కన చిన్నిల్లు సూడుమని కొడుకుతోని కొట్లాడుతున్న. పడవోతే ఏదో ఒక గోడ చేతికందాలె, గట్లాంటిది.”

ఎండాకాలం నుంచి వచ్చినవాళ్లంతా చిన్నదని వదిలేసిన ఇంటిని, చిన్నదే కావాలని వెతుక్కుంటూ వచ్చిన ఒకే ఒక్క మనిషికి నేను పెద్దది చేసి చూపించాను.

ఆమె మళ్లీ వచ్చిన రోజు అత్తమ్మ నన్ను చీపురు కూడా పట్టుకోనివ్వలేదు. మంచాల మీద బట్టలు అలాగే ఉన్నాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అవ్వ గడప దగ్గరే కర్ర గోడకు ఆనించి, వట్టి చేతులతో లోపలికి వచ్చింది. ఒక చెయ్యి తలుపు మీద, ఇంకొకటి మంచం కోడు మీద, తర్వాత బీరువా, తర్వాత వంటింటి గుమ్మం, అలా పట్టుకుంటూ పట్టుకుంటూ పొయ్యి దాకా నడిచింది, మళ్లీ వెనక్కి నడిచింది. అక్కడ కూర్చోవడానికి చోటు లేక బియ్యం డబ్బా మీద కూర్చుంది. “గిప్పుడు ఇల్లు లెక్కుంది” అన్నది. అత్తమ్మ వెంటనే, “వానకు గీ మూల కురుస్తది అక్కా, ముందే చెప్తున్న” అని మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. “మా పెద్దింట్ల నాలుగు మూలలూ కురుస్తయి. ఒక్క మూలైతే బిందె వెట్టుకుంట” అన్నది అవ్వ.

రిజిస్ట్రేషను రోజు ఆమెను నేను అడిగే తీరాను, ఆ నేల అంత శుభ్రంగా కడిగితే కాళ్లెందుకు కడుక్కున్నావని. “కాళ్లేంది బిడ్డా, ఇంటికి వోయి తలకు వోసుకున్న. కొడుకుతోని గూడ వోయించిన” అన్నది. ఆ మాట కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

బతుకమ్మ ఆటలు సాగుతుండగానే మేము భూపాలపల్లి చేరాం. క్వార్టర్‌కు మూడు గదులు. అత్తమ్మ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినప్పుడల్లా నేను ఎక్కడున్నానో పిలిచి చూసుకునేది. మొదటి సోమవారం మా ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్లి, మధ్యాహ్నం తిరిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే, ఆమె కంగారుపడి, “గిప్పుడే వచ్చినవేందిరా, పానం మంచిగ లేదా?” అని అడిగింది. సోమవారం నాడు అతన్ని ఎండలో చూడటం మా ఇద్దరికీ కొత్త. అంతవరకు వారంలో నాకు జరిగిన అవమానాలన్నీ శనివారం దాకా దాచి పెట్టుకునేదాన్ని. అతను వచ్చేసరికి కొన్ని చల్లారిపోయేవి, కొన్నింటికి రుచి తగ్గిపోయేది, మిగిలినవి చెబుతుంటే అతను నిద్రపోయేవాడు. ఆ రోజు పొద్దున్నే పక్క క్వార్టర్ ఆమె నా ముగ్గు చూసి, “మీ దిక్కు గిట్లనే ఏస్తరా?” అన్నది. అది ఇంకా వేడి వేడిగానే ఉంది. అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టాను. అతను ముద్ద కలుపుతూ, “ఆఁ, తర్వాత ఏమన్నది?” అని అడిగాడు. ఇన్నేళ్లలో ఇంకెన్నో ఫిర్యాదులు చేశాను, చేస్తూనే ఉన్నాను. కానీ ఆ రోజు ఆ ముగ్గు మాట చెప్పినంత సంబరంగా మళ్లీ ఏదీ చెప్పలేకపోయాను.