ఏ చెట్టుది?

కేతేపల్లి దగ్గర మా ఊళ్లో కల్లు గీసే ఒకాయన ఉండేవాడు. చుట్టరికం లేకున్నా నాకు మామ. ఎవరు గ్లాసు చేతికిచ్చినా ముందు వాసన చూసి, "గిది ఏ చెట్టుది?" అని అడిగేవాడు. ఒక్క గుక్కతో ఏ తాటిచెట్టు కల్లో చెప్పగల మనిషి.

హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికాక, నా సొంత రుచేదో కనిపెట్టాలనే పిచ్చి నాకు పట్టింది. వారానికో కొత్త బీరో, సైడరో తాగి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. 'చివర్లో నారింజ తొక్క', 'తడిసిన చెక్క రుచి' లాంటి గొప్ప మాటలు. తడిసిన చెక్కను నేనెప్పుడు నాకానో నాకే తెలియదు.

ఒక ఆదివారం నాలుగు సీసాలు తీసుకెళ్లి మామ ముందు పెట్టాను. ఆయన చెట్లెక్కే మోకును భుజం మీంచి దించి కూర్చున్నాడు. బీరును గింజలతో చేస్తారంటే, "గట్లనా" అని గ్లాసు పక్కన పెట్టాడు. సైడరు ఆపిల్ పండ్లదంటే మాత్రం ముఖం వెలిగింది.

"ఏ చెట్టుది?"

"ఆపిల్ చెట్టుదే మామా."

"ఆపిలే. అండ్ల ఏ చెట్టు?"

సీసా తిప్పి చూశాను. లేబుల్ మీద కొండలున్నాయి, చెట్టు లేదు.

"సరే తియ్. గిన్ని తాగినవ్ గద, నీకు ఏది మంచిగనిపిచ్చింది అల్లుడా?"

నేను నోటుబుక్కు తెరిచి వెతకసాగాను.

మామ జాలిగా చూశాడు. "తాగింది నువ్వా, బుక్కా?"

ఆ మాట చాలా బాగుందనిపించి, తేదీ వేసి అందులోనే రాసుకున్నాను.