డబ్బా లేని ర్యామ్

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. సీతాఫల్‌మండిలో మా రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన నా కంప్యూటర్. బోయిన్‌పల్లిలో స్టూడియో నడిపే ఆయన ఫోటోలు పంపుతాడు, నేను పేజీలు అమర్చి ఇస్తాను. ఈ మధ్య ఫోటోల సైజు పెరిగింది, నా కంప్యూటర్ ఓపిక తగ్గింది. పెళ్లికూతురు ముఖం సగం తెరుచుకుని ఆగిపోయేది. మిగతా సగం వచ్చేలోపు నేను టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చేదాన్ని. రెండుసార్లు ఆలస్యం చేశాక స్టూడియో ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, శుక్రవారం లోపట ఈ ఆల్బమ్ రాకుంటే ఇగ పని వేరేటోళ్ళకి ఇస్తా. ఏమనుకోకుండ్రి" అన్నాడు.

అనుకోకుండా ఎలా ఉంటాను? నాకున్న పని ఆయన దగ్గరిదొక్కటే.

ర్యామ్ పెంచాలి. అంతవరకు తేలింది. ఏ ర్యామ్ అన్నదే మూడు రోజులు తేలలేదు. ధరలు ఈ మధ్య మండిపోతున్నాయి. పేరున్న కంపెనీది దాదాపు రెట్టింపు ధర, ఎవరూ పేరు వినని కంపెనీది చవక. ఫోన్‌లో జనం రాసినవన్నీ చదివాను. చవకది రెండేళ్ళుగా బ్రహ్మాండంగా ఉందని ఒకరు, రెండో రోజే పోయిందని ఇంకొకరు. పొయ్యి మీద తాలింపు మాడేదాకా చదివాను. పొద్దున కంపెనీదే అనుకుంటే మధ్యాహ్నానికి చవకది చాలనిపించేది. నాది మొదటినుంచీ నిలకడలేని మనసే, కానీ ఆ మూడు రోజులు నన్ను నేనే భరించలేకపోయాను.

"జెర ఎక్కువైనా కంపెనీదే తెచ్చుకో. చవకది తెచ్చి అది ఖరాబైతే నీ పరేషాన్ నేను చూడలేను" అన్నాడు మా ఆయన.

ఆ మాటతో చవకదే తేవాలనిపించింది. నా గుణం అంతే.

బుధవారం పార్క్ లేన్‌లో ఒక చిన్న షాపుకు వెళ్ళాను. గడ్డం నెరిసిన పెద్దాయన నడిపే షాపు అది, మా ప్రింటర్ అక్కడే కొన్నాం. రెండు రకాలూ గాజు బల్ల మీద పెట్టాడు. కంపెనీది మెరిసే డబ్బాలో, నల్లటి రేకు తొడుగుతో ఉంది. చవకది ఉత్త ప్లాస్టిక్ కవర్లో, పచ్చటి పలక ముక్కలా ఉంది. చేతిలోకి తీసుకున్నాను, పెట్టాను, మళ్ళీ తీసుకున్నాను.

"మీ ఇంట్లకైతే ఏది వేసుకుంటరు?" అని అడిగాను.

"మా బిడ్డ కంప్యూటర్ల గిదే వేసిన మేడం. డబ్బా లేదు, షో లేదు, గంతే. వారంటీ ఉంది. ఏమన్న తక్లీఫ్ వస్తే పట్టుకరండ్రి, మారుస్తా" అన్నాడు.

తీసుకున్నాను. ఆటోలో వస్తూ రెండుసార్లు వెనక్కి తిప్పమనబోయాను.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా వాడం. ఫ్రిజ్‌కు పెట్టాం, స్కూటర్‌కు పెట్టాం, కుక్కర్‌కూ పెట్టాం. ర్యామ్‌ను దేవుడి ముందు ఉంచి, కింది అంచున బంగారు రంగు గీతలు మెరుస్తున్న చోట, గడపకు పెట్టినట్టు మూడు చోట్ల తడి పసుపు, కుంకుమ పెట్టాను. ఈ ఆల్బమ్ గట్టెక్కించమని దండం పెట్టుకున్నాను. కాసేపయ్యాక కొంగుతో పైపైన తుడిచి, ఫోన్‌లో వీడియో చూసుకుంటూ పాతది తీసి కొత్తది బిగించాను.

స్విచ్ వేస్తే మూడుసార్లు బీప్‌మంది. తెర నల్లగానే ఉంది. తీసి మళ్ళీ బిగించాను, మళ్ళీ అదే. పాతది పెడితే మామూలుగా వచ్చింది. మా ఆయన ఒకసారి చూసి, పక్క గదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

గురువారం వెళ్ళేసరికి షాపులో నలుగురున్నారు. ఒకతను నేను కొన్న రకం ర్యామే చేతిలో పట్టుకుని జేబులోంచి పర్సు తీస్తున్నాడు. నేను మెట్ల మీది నుంచే మొదలుపెట్టాను.

"నమ్మి తీసుకపోతే గిట్ల మోసం చేస్తరా? పనికిరాని మాల్ అంటగట్టి వారంటీ అంటరా? మీ మాట పట్టుకుని నా పని పోయేటట్టుంది."

ఆ మనిషి నన్ను చూశాడు, చేతిలోది చూశాడు. దాన్ని బల్ల మీద పెట్టి, పర్సు జేబులో వేసుకుని దిగి వెళ్ళిపోయాడు.

పెద్దాయన నా ర్యామ్ తీసుకుని తన దగ్గరున్న కంప్యూటర్ బోర్డులో పెట్టాడు. మూడుసార్లు బీప్‌మంది. చూశారా అన్నట్టు మిగతావాళ్ళ వైపు తిరిగాను. ఆయన దాన్ని ఊడదీసి, ట్యూబ్‌లైటు వెలుతురులో పట్టుకుని చూసి, సొరుగులోంచి పిల్లలు బడికి తీసుకెళ్ళే తెల్ల రబ్బరు తీశాడు. బంగారు గీతల మీద నిదానంగా రుద్దాడు. రబ్బరు ఎర్రగా అయింది.

నా చెవులు వేడెక్కాయి. ఆయన నా నుదుటి వైపు ఒకసారి చూసి రబ్బరును గుప్పిట్లోకి తీసుకున్నాడు. ర్యామ్ మళ్ళీ పెడితే తెర వెలిగింది.

"ఏమైందట?" అని పక్కనున్నతను అడిగాడు.

"దుమ్ము పడ్డది. కొత్తదాంట్ల సుత ఒక్కోసారి గిట్లయితది" అన్నాడు పెద్దాయన. దాన్ని నా చేతికిస్తూ, నాకొక్కదానికే వినిపించేలా, "బొట్టు బయట సీపీయూకు పెట్టుకోండ్రి మేడం, దీనికొద్దు" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నలుగురి ముందు తిట్టినదాన్ని, ఆ నలుగురి ముందే తప్పు ఒప్పుకోవాల్సింది. అది చేయకుండా కిందికి దిగి సందు చివరిదాకా వెతికాను. పర్సు తీసిన మనిషి ఎక్కడా కనిపించలేదు.

ఆల్బమ్ శుక్రవారం సాయంత్రానికి పంపాను. స్టూడియో ఆయన ఇంకో పెళ్లి ఫోటోలు పంపాడు. పెళ్లికూతుళ్ళు ఇప్పుడు ఒక్క క్షణంలో నిండు ముఖంతో వస్తున్నారు. నా పని చేజారకుండా నిలిచింది కానీ నేను కుర్చీలో నిలవలేకపోయాను. లేవడం, కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. పది రోజులు అలాగే గడిచాక, ఒక పొద్దున షాపు తెరిచే వేళకు వెళ్ళాను. ఆ వేళకు ఎవరూ ఉండరని తెలిసే వెళ్ళాను. అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆయన షట్టర్ ఎత్తి గాజు బల్ల తుడుస్తున్నాడు.

"తప్పు నాదే. ఆ రోజు ఊకెనే నోరు పారేసుకున్న. మాఫ్ చెయ్యండ్రి" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

ఆయన గుడ్డ పక్కన పెట్టి, కూర్చోమని నా వైపు స్టూలు జరిపాడు.

"ఆ దినం సుత గింత మెల్లగ మాట్లాడితే మంచిగుండేది మేడం" అన్నాడు.