అత్తయ్య పుడ్డింగు, ఆకుపచ్చ డబ్బా

ఈ ఉదయం చెత్త లారీ వచ్చి, వంటింటి చెత్త వేసే మా ఆకుపచ్చ డబ్బాను ఎత్తి కుదిపి వెళ్లింది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దానికి ఆజ్యం పోయడానికన్నట్టు, కాసేపటికే కెనడా పడమటి కొసన ఉన్న సర్రీ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. క్రిస్మస్‌కి వస్తుందట. “అమ్మ చేసిన పుడ్డింగు ఏమైనా మిగిలిందా వదినా?” అని అడిగింది. ఎంత తేలిగ్గా అడిగిందో!

మా అత్తయ్య ఎండుపళ్లు వేసి చేసే ఆ క్రిస్మస్ పుడ్డింగును గుంటూరులో వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. వాళ్లమ్మ మిషన్ బంగళాలో వంట చేస్తూ నేర్చుకుందట. దొరలు వేసే కొవ్వుకు బదులు నెయ్యి, వాళ్ల నల్ల పాకానికి బదులు తాటిబెల్లం. జన్మలో మద్యం ముట్టని మనిషి, బ్రాందీని దగ్గుమందు మూతతో కొలిచి పోసేది. మూత నిండి పొంగినా చూడనట్టే ఉండేది. కెనడాకు, గ్వెల్ఫ్‌లోని మా ఇంటికి వచ్చాక కూడా ఆవిడ పద్ధతి మారలేదు. నవంబరు చివర్లో ఒక ఆదివారం, చర్చి నుంచి రాగానే, ఇంట్లో అందరూ వరసగా గరిటె పట్టుకుని ఒక్కో చుట్టు కలపాలి, మనసులో ఒకటి కోరుకోవాలి. మా చిన్నమ్మాయి “కెన్ ఐ విష్ ఫర్ ఎ డాగ్, నానమ్మా?” అని పైకే అడిగేసేది. అందరి వంతూ అయ్యాక అత్తయ్య మళ్లీ గరిటె అందుకుని, “ఇది నా కూతురి వంతు” అంటూ ఇంకో చుట్టు తిప్పేది. గిన్నె మీద వెన్న కాగితం, దాని మీద తన పాత నేతచీర ముక్క కట్టి, రేకులు తీసేసిన ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టేది. అడుగున నీళ్లలో ఒక రూపాయి బిళ్ల. అది గలగలలాడుతున్నంతసేపూ నీళ్లున్నట్టు, చప్పుడు తగ్గితే మళ్లీ పోయాలి. మధ్యాహ్నమంతా ఆ బిళ్ల మోగుతూనే ఉండేది. పెద్ద గిన్నె ఆ క్రిస్మస్‌కి, చిన్న గిన్నె పై ఏడాదికి. నిలవుండి నల్లబడితేనే దానికి రుచి. పండగనాడు మళ్లీ గంటల తరబడి ఆవిరికి పెట్టేది.

పోయిన ఏడాదికి అత్తయ్య చేతుల్లో సత్తువ తగ్గింది. గరిటె పట్టుకోలేక నా చెయ్యి మీద చెయ్యి వేసి కలిపింది. కూతురి వంతుకు మాత్రం నన్ను పక్కకు జరగమని తానే తిప్పింది. పండగకు వారం ముందు ఆ కూతురు వచ్చింది, సాయం చేస్తానంటూ. వచ్చిన మర్నాడే బేస్‌మెంట్‌లోని సరుకులు నిలవుంచే చల్లటి గది సర్దేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెద్ద గిన్నె, అంతకు ముందేటి చిన్న గిన్నె ఉంచిన అర ఖాళీ. అప్పటికే చెత్త లారీ వచ్చి వెళ్లిపోయింది.

“మాసిన గుడ్డ కట్టి ఉంది వదినా. విప్పి చూస్తే నల్లగా, అదో రకం వాసన. అమ్మ ఏదో దాచి మర్చిపోయిందనుకుని గ్రీన్ బిన్‌లో వేసేశా” అంది.

చిన్నప్పుడు ఆ గరిటె పట్టుకుని పెరిగిన పిల్ల! చెడామడా తిట్టడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆగలేదు. “షాపులో దొరుకుతుంది కదా, మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు” అని తను. “పండగపూట వదిలెయ్” అని మా ఆయన. ఆయన మీదా విరుచుకుపడ్డాను. పండగ రోజు ఆ కొన్నదే బల్ల మీదకు వచ్చింది. అత్తయ్య ఒక్క చెంచా తిని, “ఇది ఎవరు కలిపారమ్మా?” అని అడిగింది. ఆవిడ చెంచా పక్కన పెట్టేసింది.

ఈ వేసవిలో అత్తయ్య పోయింది. పోయిన ఏడాది కలిపిన చిన్న గిన్నె మాత్రం వంటింట్లో ఆవకాయ జాడీల వెనక ఉండబట్టి ఆడపడుచు చేతికి చిక్కలేదు.

“ఉంది” అన్నాను ఫోన్‌లో. అటువైపు ఏడుపు వినిపించింది. ఏడిస్తే తగ్గే కోపం కాదు నాది. “రా. కానీ అన్నీ అయ్యాక వచ్చి ప్లేటు పట్టుకుంటే కుదరదు. పండగనాడు పొద్దున్నే లేచి నాతోపాటు పొయ్యి దగ్గర కూర్చోవాలి” అన్నాను.

“కూర్చుంటా వదినా” అంది.

ముక్క పెడతాను. పెట్టకుండా ఎలా ఉంటాను, అందులో తన వంతు ఉంది. కానీ ఆ గిన్నె ఆవిరి మీద ఉన్నంతసేపూ తను రూపాయి బిళ్ల మోత వింటూ నా ఎదురుగా కూర్చోవాలి. వాళ్లమ్మ తన కోసం ఏళ్ల తరబడి వెచ్చించిన కాలంలో ఒక్క పూటైనా తిరిగివ్వాలి.